బయమ్మ అడుగులు

ధర్మవరంలో బయమ్మ పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్లు దించితే మధ్యాహ్నం సంగటికే లేచేది. ముప్పై ఏళ్లుగా అంతే. ఆమె ఒట్టి కాళ్లతో నడిచిన చోటల్లా అడుగు అచ్చు పడి, ఇక చెరిగేది కాదు. మట్టయినా బండయినా ఒకటే. వీధిలో సిమెంటు రోడ్డేస్తే పాత అడుగులు దాని పైకీ తేలాయి. పిల్లలు వాటి మీద కుంటాట ఆడుకునేవాళ్లు.

చక్కెర జబ్బుతో ఆమె పాదాలు మొద్దుబారాయి. మగ్గం తొక్కీ తొక్కీ కుడి అరికాలు పుండైతే ఆమెకే తెలియలేదు, కూతురు సువర్ణ చూసింది. డాక్టరు కొలతలు తీసి ప్రత్యేకమైన చెప్పులు రాశాడు. "ఇవి లేకుండా నడిస్తే పుండు ఎముక దాకా పోతాది" అన్నాడు.

వాటి ఖర్చుకు క్లెయిము పెడితే బీమా కంపెనీ ఒక్క ముక్కలో జవాబు పంపింది. చెప్పులు వైద్యం కిందికి రావట.

తల్లీకూతుళ్లు అనంతపురం బస్సెక్కారు. కంపెనీ ఆఫీసు గుమ్మంలో 'చెప్పులు బయటే విడవాలి' అని బోర్డు. బయమ్మ విడిచి లోపలికి నడిచింది. పుండుకు కట్టు కట్టుకున్నా అడుగు అచ్చు దాన్ని దాచలేదు. తెల్లటి టైల్స్ మీద కుడి అడుగుల్లో శనగగింజంత ఎర్ర మచ్చ పడింది.

"చెప్పులకు క్లెయిము రాదమ్మా" అన్నాడు ఆఫీసరు దేవేంద్ర, తలెత్తకుండా.

"కాలు తీసేస్తే?" అడిగింది సువర్ణ.

"ఆపరేషనా? అది వస్తాది. మొత్తం ఇస్తాం."

బయమ్మకు ఒళ్లు మండింది. "ఏమప్పా, కాలు కోసేదానికి దుడ్లు ఉండాయి, కాపాడేదానికి లేవా? నీ కాలైతే ఇట్లే అంటావా?"

"అప్పీలు పెట్టుకోండి."

పెట్టింది. కాగితం తక్కువన్నారు. తెస్తే సీలు లేదన్నారు. సీలు వేయిస్తే సారు సెలవన్నారు. వచ్చిన ప్రతిసారీ పాత వరస పక్కన కొత్త వరస అడుగులు పడ్డాయి. నేల తుడిచే రంగన్న వాటి చుట్టూ తడిగుడ్డ పెట్టి పోయేవాడు.

తొమ్మిదోసారి పోయేసరికి అప్పీళ్లు చూసే డాక్టరమ్మ వచ్చి ఉంది. దేవేంద్ర ఫైలు అందిస్తూ, "పుండు ముదిరినట్టు ఆధారం లేదు మేడం" అన్నాడు.

"ఆధారం నీ కాళ్ల కిందే ఉండాది, చూడు!" బయమ్మ అరుపుకు ఆఫీసంతా లేచి నిలబడింది. "మీరు తిప్పిన తిప్పులన్నీ ఆడనే ఉండాయి, లెక్కపెట్టు!"

డాక్టరమ్మ నేల మీద మోకాళ్లూని ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చింది. శనగగింజంత మచ్చ రేగిపండంత అయింది. తర్వాత నిమ్మకాయంత. చివరి వరసలో చిటికెన వేలు కూడా నల్లబడింది. ఆమె లేచి, కుర్చీలో కూర్చోకుండానే మంజూరు సంతకం పెట్టింది.

వారంలో చెప్పులొచ్చాయి. పుండు ఆగింది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే మోకాలి దాకా తీసేయాల్సి వచ్చేదని ఆసుపత్రిలో అన్నారు. చిటికెన వేలు మాత్రం దక్కలేదు.

"కాలు నిలిచింది కదమ్మా, ఇంక కోపమెందుకు?" అంటూ సువర్ణ కాగితాలు సర్దబోయింది.

"ఉండు. ఈ ఏలికి ఎవురు జవాబు చెప్తారు?" అంది బయమ్మ. "పెన్ను తీయి. ఇంకో అర్జీ రాయి."