ఏకాంబరం కుడిచెయ్యి

ఏకాంబరం కుడిచెయ్యి మీద ఫిర్యాదు వచ్చింది.

పంపిందెవరో, ఏ దేశమో చెప్పలేదు. అంతర్జాతీయ యువ వాద్యకారుల పోటీ తొలి రౌండు టీవీలో వచ్చినప్పుడు, వయొలిన్ వాయిస్తున్న అమ్మాయికి ముందు వరసలోని మనిషి చేత్తో సైగలు చేశాడట. వీడియో ముక్క కూడా జత చేశారు. అందులో ఏకాంబరం తొడ మీద అరచేత్తో కొడుతున్నాడు, వేళ్లు ముడుస్తున్నాడు, చెయ్యి తిప్పుతున్నాడు.

"అది తాళం, మా కచేరీల్లో అందరూ వేస్తారని చెప్పినా అన్నా," అంది కోమలి. టీవీ వాళ్ల తరఫున తిరుపతి హాల్లో ఏర్పాట్లు చూసే అమ్మాయి. "ఒప్పుకున్నారు. కానీ ఈరోజు సెమీఫైనల్లో పాపకి ఎవరి చెయ్యీ కనపడకూడదంట. కనపడితే పోటీ నుంచి తీసేస్తారు."

ఏకాంబరం పగలబడి నవ్వాడు. "ఏర్పేడు దాటితే నా మొకం ఎవురికీ తెలీదు. చెయ్యి మాత్రం దేశాలు తిరిగొచ్చినాది, సూడండి సామీ!"

దేవనాథన్ నవ్వలేదు. ఏకాంబరం కూతురు భానుశ్రీకి వయొలిన్ నేర్పిన గురువు ఆయన. ఆయన చూపు శిష్యురాలి మీద ఉంది. పదహారేళ్ల భానుశ్రీ ముఖం పాలిపోయింది.

కారణం ఉంది. చిన్నప్పుడు ఏర్పేడు నుంచి బండి మీద పాఠానికి తీసుకొచ్చి, నాయన గురువుగారి వరండాలో కాచుకునేవాడు. ఒకరోజు దేవనాథన్ లోపలికి పిలిచారు. "ఊరికే కూచునే బదులు, తాళమన్నా వెయ్యప్పా." శనక్కాయలు ఒలిచే చెయ్యి తాళం నేర్చుకుంది. అప్పటి నుంచి ఆ చెయ్యి చూడకుండా భానుశ్రీ ఒక్క కీర్తనా వాయించలేదు. ఈ పోటీలో మృదంగం కూడా లేదు. ఒంటి వయొలిన్.

"నాయన కనపడకపోతే నేను వాయించను," అంది భానుశ్రీ.

"వాయిస్తావమ్మా," అన్నారు దేవనాథన్.

"లేదు సార్. చేతకాదు."

ఏకాంబరం బయటికొచ్చాడు. కెమెరాలు సర్దే మునిప్రసాద్ అతని భుజం తట్టాడు.

"అన్నా, అంతా ఇన్నా. స్టేజీ పక్క తెర కాడ సందుండాది. ఆడ నిలబడితే పాపకి కనపడతావు. ఏ కెమెరాకీ చిక్కవు. పెట్టింది నేనే గదా."

"తప్పు గదప్పా?"

"ఏం తప్పు? తాళమే గదా! పరీక్షలో చీటీ అందిస్తా ఉండేటోని మాదిరి భయపడతావే!"

ఏకాంబరం వెళ్లి ఆ సందు చూసొచ్చాడు. తర్వాత లోపలికెళ్లి కూతురి చెవిలో చెప్పాడు. "కుడిపక్క తెర సందు సూడు. ఆడుంటా."

ఆ పిల్ల ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. ఎక్కడో దూరదేశంలో న్యాయనిర్ణేతలు టీవీ తెర ముందు కూర్చున్నారు. ఇక్కడ ఏకాంబరం చీకటి సందులో నిలబడ్డాడు. అడుగుల చప్పుడు. గోడకి అతుక్కుపోయాడు. కోమలి ఫోన్లో మాట్లాడుతూ పక్క నుంచే వెళ్లిపోయింది.

వేదిక మీద భానుశ్రీ కాంభోజి రాగం ఎత్తుకుంది. రాగాలాపనకి తాళం ఉండదు. కాబట్టి ఆ భాగంలో ఏకాంబరానికి ఎప్పుడూ పని ఉండేది కాదు. వేళ్లు విరుచుకుంటూ కీర్తన కోసం ఎదురుచూసేవాడు. ఈరోజు మరో దారి లేక కూతురి ముఖం చూశాడు. కళ్లు మూసుకుంది. పెదాలు తనలో తాను ఏదో చెప్పుకుంటున్నట్టు కదులుతున్నాయి. ఎవరి కోసమూ వెతకడం లేదు.

రాగం ముగిసింది. కళ్లు తెరిచింది. కుడిపక్కకు చూసింది.

ఆ చూపు ఏకాంబరం ఎన్నడూ చూడలేదు. ముందు వరసలో ఉన్నప్పుడు ఆమె తల ఎత్తకముందే అతని చెయ్యి లేచి ఉండేది. ఇప్పుడు చెయ్యి ఇంకా లేవలేదు. తప్పిపోయిన పిల్ల సంతలో నిలబడి చూసే చూపు అది. ఇంత భయం దీనికి ఎక్కడిది? నా చెయ్యేగా పెంచింది!

సగం లేచిన చెయ్యి ఆగింది. దించేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి.

వేదిక మీద నిశ్శబ్దం. విల్లు గాల్లోనే ఉంది. హాల్లో ఎవరో దగ్గారు. కెమెరా వెనక మునిప్రసాద్ కంగారుగా తెరకేసి చూశాడు. ఏకాంబరం తెర అంచు పట్టుకున్నాడు. ఏం పని చేసినానురా దేవుడా! ముందుకు దూకబోయాడు.

విల్లు తీగ మీద వాలింది.

నిదానంగా ఎత్తుకుంది కీర్తన. ఏకాంబరం చెయ్యి దానంతటదే తొడ మీద పడింది. దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ. కలవలేదు. ఆమె వెనక ఉండిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తనే ముందు వెళ్లిపోయాడు. తప్పు ఆమెది కాదు. ఆమె నడక ఎక్కడా తడబడలేదు. ఎక్కడ నిలవాలనుకుంటే అక్కడ నిలుస్తోంది, కదలాలనుకున్నప్పుడు కదులుతోంది. అలా నిలవాల్సిన చోటల్లా తన చెయ్యి ఇన్నేళ్లూ ఆమెను తరిమిందని అతనికి అర్థమైంది.

చెయ్యి ఆగిపోయింది. అది ఆగిన సంగతి కూడా అతను గమనించలేదు.

ఫైనల్‌కి ముగ్గురిని ఎంపిక చేశారు. మూడో పేరు భానుశ్రీది. చప్పట్లు ఆగకముందే ఆమె తెర వెనక్కి దూసుకొచ్చింది. ఏకాంబరం కెమెరా పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోయినావు నాయనా? సచ్చిపోయినాననుకున్నా!"

"ఈడే ఉండా."

"తాళం ఎందుకు వెయ్యలా?"

"వేసినా పాపా. నీతో కలవలా. నీ నడకే వేరుగా ఉండాది."

భానుశ్రీ కళ్లు తుడుచుకుంది. కోపం ఇంకా పోలేదు. పక్కన పెట్టె మీదే ఇరుక్కుని కూర్చుంది. కోమలి దూరం నుంచి రమ్మని చెయ్యి ఊపుతోంది. ఆ పిల్ల అటు చూడలేదు.

"పోనీ, బాగా వాయించినానా?"

ఏకాంబరం తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు.

"ఏమని చెప్పేది పాపా," అన్నాడు. "నేను విన్నదే ఈ పొద్దు."