రెండు డ్రమ్ముల బియ్యం

భాగ్యమ్మ దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి రెండు డ్రమ్ములూ ఖాళీ. ఒకదాని అడుగున నాలుగు గింజలూ, ఎండిన వేపాకు రెబ్బలూ మిగిలాయి. రెండోదాన్ని బోర్లించి దానిమీద ఎవరో గుడ్డ పరిచారు. గది నిండా చిరిగిన కాగితం ముక్కలు, తాళ్ల పోగులు, తొక్కిన బంతిపూలు. ఆమె చూసుకునే పిల్లల్లో ఒకతి, విరేచనాలతో వాడిపోయిన రెండేళ్ల పిల్ల, ఆమె చంకలో ఉంది. ఆ పిల్లను అట్లాగే భుజాన వేసుకుని డ్రమ్ములోకి తొంగి చూసింది, మళ్లీ చూసింది.

"రాజయ్యా, బియ్యం ఏవి?"

గది తాళాలు రాజయ్య దగ్గర ఉంటాయి. అతను బీడీ పారేసి లేచాడు. "సికింద్రాబాదోళ్లు పంచిన్రు గదక్కా. పొట్లాలు కట్టి పంచిన్రు. ఫోటోలు గూడ తీసిన్రు. నీకు చెప్పకుంట జేస్తరా అనుకున్న."

ఆ బియ్యం కథ తెలిస్తే గానీ భాగ్యమ్మ కడుపుమంట అర్థం కాదు.

బాలానగర్‌లో కార్ఖానాలు ఒకదాని వెంట ఒకటి లేస్తుంటే, మెదక్ వైపు పల్లెల నుంచి జనం వచ్చి వాటి వెనకాల గుడిసెలు వేసుకున్నారు. మగవాళ్లు లేతు మిషన్ల మీద, ఆడవాళ్లు రేకు డబ్బాల కార్ఖానాలో. భాగ్యమ్మ అక్కడికి బైబిల్ స్త్రీగా వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి ప్రార్థన చేయడం ఆమె ఉద్యోగం. మొదటి వారంలోనే మూడు గుడిసెల్లో పసిపిల్లలు మంచం కోళ్లకు కట్టేసి కనిపించారు. తల్లి డ్యూటీకి పోతే పిల్ల రోడ్డు మీదికి పోకుండా పాత చీర పేలికతో కాలికి కట్టు. ఏడ్చి ఏడ్చి మట్టి నాకుతున్న ఒక పిల్లవాణ్ణి చూశాక, ఆమె బైబిలు మూసి సంచిలో పెట్టి ముందు ఆ కట్టు విప్పింది. ఆదివారం ఆరాధన జరిగే రేకుల గదే మిగతా ఆరు రోజులూ పిల్లల గది అయింది. ఇప్పుడు ఇరవై ముగ్గురు పిల్లలున్నారు.

వాళ్లకు మధ్యాహ్నం బువ్వ ఎట్లా? భాగ్యమ్మ తల్లి మెదక్‌లో చేసిందే ఇక్కడా చేయించింది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి పక్క ముంతలో వేయాలి. తినగా మిగిలింది కాదు, తినకముందు తీసింది. శనివారం సాయంత్రం ఆ ముంత తెచ్చి గదిలో డ్రమ్ములో గుమ్మరించాలి. క్రైస్తవ సంఘాల్లో ఆ బియ్యం బోధకుడికి పోవడం ఆనవాయితీ. ఇక్కడ పిల్లలకు పోతుంది. బొట్టు పెట్టుకునే ఆడవాళ్లు కూడా వేశారు. వాళ్లే ఎక్కువ. "దేవుడు ఎవరైతే ఏంది, తినేది మన పోరలే గదా" అని మొదటి పిడికెడు వేసింది కిష్టమ్మే. కార్ఖానాలో డబ్బాలకు మూతలు బిగించే మనిషి, ఊరికే ఒక మాట పడని మనిషి.

వానాకాలం వస్తే సగం మందికి పని ఉండదు. ముంతలు నిండవు. ఆ మూడు నెలల కోసమే ఏడాదంతా కొంచెం కొంచెం వెనకేసి, పురుగు పట్టకుండా వేపాకు కలిపి, రెండు డ్రమ్ములు నింపి పెట్టారు. దొడ్డు బియ్యం, రేషన్ బియ్యం, నూకలు, ఎర్ర గింజలు, అరవై ఇళ్ల బియ్యం అన్నీ అందులోనే. జూన్ నెల సగం గడిచింది. అప్పుడే ఆకాశం ముసురు పట్టింది.

సికింద్రాబాద్‌లోని మూడు పెద్ద సంఘాలు కలిసి ఆర్నెల్ల కిందట బస్తీ సేవకని ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక సంఘం బియ్యం ఇస్తుంది, ఇంకొకటి బట్టలు, మూడోది మనుషులను పంపుతుంది. శనివారం శనివారం యవ్వనస్తులు వ్యానులో దిగేవారు. పిల్లలకు గోళ్లు తీశారు, తలంట్లు పోశారు, పాటలు నేర్పారు. అబద్ధమెందుకు, మంచి పిల్లలే. భాగ్యమ్మకు వాళ్లంటే ఇష్టమే. వాళ్ల మీద పెద్ద పుణ్యవతి గారు. గుంటూరు వైపు మనిషి, పెద్ద ఆఫీసరు గారి భార్య, స్త్రీల సమాజానికి కార్యదర్శి.

ఈ శనివారం పంపిణీ అని పెట్టుకున్నారు. బియ్యం లారీ రాలేదు. గదిలో రెండు డ్రమ్ముల బియ్యం కనిపించాయి. ఓహో, ముందే పంపించేశారన్నమాట అనుకున్నారు. అంతే. ఆ మాట అడగడానికి బస్తీలో ఒక్క మనిషి కనబడలేదు వాళ్లకు. ఎదురుగా వరసలో నిలబడ్డవాళ్లు మనుషుల్లెక్కలోకి రాలేదు.

చీకటి పడకముందే కిష్టమ్మ వచ్చింది. చేతిలో కాగితం పొట్లం. దానిమీద రంగు సిరాతో 'పేదలకు క్రీస్తు ప్రేమతో' అని రాసి ఉంది. పొట్లం విప్పి భాగ్యమ్మ ముఖం ముందు పెట్టింది. బియ్యంలో వేపాకు.

"ఇవి నేనేసిన బియ్యమే గదా అక్కా. నా బియ్యం నాకే ధర్మం జేసిన్రు. రెండు చేతులతోని పట్టుకో, కెమెరా దిక్కు జూడు, జర నవ్వు అన్నరు. నవ్విన. ఇంటికి పోయి ఇప్పి చూసినంక తెలిసింది."

"నాకు తెల్వదు కిష్టమ్మా. నేను దవాఖానల ఉన్న."

"నీకు తెల్వకుంట నీ గదిల బియ్యం పోతయా? నువ్వు వాళ్ల మనిషివి. జీతం వాళ్లదే తింటవ్. ఆడోళ్లందరు గదే అంటున్నరు, భాగ్యక్కనే ఇచ్చిందని. సోమవారం నుంచి పోరలను ఎవరు పంపరు. మల్ల మంచానికి కట్టేసుకుంటం. మా తిప్పలు మేము పడతం."

పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. దాన్ని కూడా తీసుకుపోలేదు.

భాగ్యమ్మ ఆ రాత్రి ప్రార్థనకు మోకరించి, అంతలోనే లేచింది. దేవుడితో ఏం మాట్లాడుతుంది? ఒళ్లంతా మండిపోతోంది. బియ్యం పోయినందుకు ఒక మంట. పిల్లల కాళ్లకు మళ్లీ కట్లు పడతాయని ఇంకో మంట. అన్నిటికీ మించి, అయిదేళ్లు ఇల్లిల్లూ తిరిగి సంపాదించుకున్న నమ్మకం ఒక్క పూటలో మట్టిలో కలిసింది. సందులో అందరూ ఆమెను దొంగను చూసినట్టు చూస్తున్నారు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సికింద్రాబాద్ చర్చికి వెళ్లింది. గుడి మెట్ల దగ్గర పుణ్యవతి గారు ఎదురైంది. భాగ్యమ్మ చెప్పిందంతా విన్నది. ముఖంలో కొంచెం ఇబ్బంది కనిపించింది, వెంటనే సర్దుకుంది.

"అయ్యో, అలా జరిగిందా. మా వాళ్లు చూసుకోలేదు భాగ్యమ్మా. ఏం ఫర్వాలేదు, బుధవారం లారీ వస్తుంది. సన్న బియ్యం. మీ మిశ్రమం కంటే వంద రెట్లు మంచివి. మీకు లాభమే కదా."

"లాభం ముచ్చట కాదమ్మగారు. ఆడోళ్లు నన్ను దొంగ అంటున్నరు. మీరొచ్చి ఒక్క మాట చెప్పాలె."

"చెబుదాంలే, నిదానంగా. ఇవాళ మిగతా రెండు సంఘాల పెద్దలూ వస్తున్నారు. సేవ రిపోర్టు చదవాలి. ఈ గొడవ ఇవాళ ఎత్తకు తల్లీ. ఫోటోలు ఎంత బాగా వచ్చాయో చూస్తావా?"

చూపించింది కూడా. కిష్టమ్మ రెండు చేతులతో పొట్లం పట్టుకుని పళ్లు కనబడేలా నవ్వుతోంది. భాగ్యమ్మ ఆ ఫోటో తిరిగి ఆమె చేతిలో పెట్టి, లోపలికి పోయి చివరి బెంచీలో కూర్చుంది.

ఆరాధన మొదలైంది. రిపోర్టు చదివారు. రెండు వందల పేద కుటుంబాలకు బియ్యం పంచినట్టు చెప్పగానే అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత సాక్ష్యాల సమయం. ఆ గుడిలో అయినా, బాలానగర్ రేకుల గదిలో అయినా సాక్ష్యానికి ఒక కట్టుబాటు ఉంది. దేవుడు చేసిన మేలు చెబుతానని లేచిన మనిషిని ఎవరూ కూర్చోబెట్టరు. పెద్దలు గానీ పాస్టరు అయ్యగారు గానీ అడ్డు చెప్పరు. అత్తగారి జబ్బు నయమైందనీ, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనీ ఇద్దరు ముగ్గురు చెప్పారు. చివరి బెంచీలోంచి భాగ్యమ్మ లేచింది.

"నా పేరు భాగ్యమ్మ. బాలానగర్ బైబిల్ స్త్రీని. దేవుడు మా బస్తీల అరవై మంది ఆడోళ్లను ఇచ్చిండు. వాళ్లు అన్నం వండుకునే ముందట పిడికెడు బియ్యం తీసి పక్కకు పెడతరు. ఇండ్ల ఉన్నా లేకున్నా పెడతరు. ఆ బియ్యంతోనే ఇరవై ముగ్గురు పోరలకు బువ్వ. గది దేవుడు చేసిన మేలు."

అయ్యగారు తల ఊపారు. ముందు బెంచీలో పుణ్యవతి గారు వెనక్కి తిరిగింది.

"ఇప్పుడే మీరు స్తోత్రం చెప్పిన బియ్యం అవే. మీ లారీ రాలే. మా డ్రమ్ములు తీసి, మా బియ్యం పొట్లాలు కట్టి, మా చేతులల్ల పెట్టి, మమ్మల్ని పేదోళ్లని రాసి ఫోటోలు తీసిన్రు. మీ ఇండ్లల్ల నుంచి ఒక్క గింజ రాలే. ఇచ్చినోళ్లు మేము, దండలు మీకు. ఎవరిని అడగలే. గంత మంది సదువుకున్నోళ్లు వచ్చి, ఇవి ఎవరివమ్మా అని ఒక్క మాట అడగలేకపోయిన్రు."

ఎవరో దగ్గారు. అయ్యగారు గొంతు సవరించుకుని, "అమ్మా, సాక్ష్యమంటే..." అన్నారు.

"అయిపోతంది అయ్యగారు. పుణ్యవతమ్మగారు, మీ అమ్మ గుంటూరుల గిట్లనే పిడికెడు తీసేదట, మీరే చెప్పిన్రు మొన్న స్త్రీల కూటంల. మరి ఆ బియ్యం సూస్తే గుర్తు పట్టలేదా మీరు? నాకు మీ సన్న బియ్యం వద్దు. రేపు పొద్దున ఆరున్నరకు బాలానగర్ రాండ్రి. ఆడోళ్లు డ్యూటీకి పోయే యాళ్లకు. భాగ్యమ్మ ఇయ్యలే, నేనే తీసిన అని వాళ్ల ముందట చెప్పుండ్రి. దేవునికి స్తోత్రం."

కూర్చోలేదు. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. వెనక ఎవరో తొందర తొందరగా పాట ఎత్తుకున్నారు. బస్సెక్కింది. ఉద్యోగం పోతుందనుకుంది. పోతే పోనీ అనుకుంది.

సోమవారం ఆరున్నరకు సన్నగా వాన. సికింద్రాబాద్ అమ్మగారు వస్తుందట అన్న మాట విని, గది ముందు ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి రాలేదు. గది తలుపులు బార్లా తెరిచి భాగ్యమ్మ గుమ్మంలో నిలబడింది. రమ్మని అడగలేదు. అడిగే ముఖం ఆమెకు లేదు.

సందు మొగలో కారు ఆగింది. పుణ్యవతి గారు దిగింది. గొడుగు పట్టుకుని బురద దాటుకుంటూ ఒక్కతే వచ్చింది. వెనక డ్రైవరు ఒక బియ్యం బస్తా మోసుకొచ్చాడు. ఆడవాళ్లు పక్కకు జరగలేదు. ఆమే సందు చూసుకుని వచ్చి నిలబడింది. రాత్రి నిద్రపోని కళ్లు. అది చూసి కూడా భాగ్యమ్మకు జాలి కలగలేదు.

"శనివారం నాడు... పొరపాటు జరిగిందండి" అంది.

"ఎవరు జేసిన్రు?" కిష్టమ్మ అడిగింది.

పుణ్యవతి గారు భాగ్యమ్మ వైపు చూసింది. భాగ్యమ్మ ఆసరా ఇవ్వలేదు.

"నేను. ఆ డ్రమ్ములు తెరవమని చెప్పింది నేనేనండి. భాగ్యమ్మకి తెలీదు. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. వేపాకు చూశాను. మా అమ్మ కూడా అలాగే కలిపేది. ఒక్క నిమిషం అనుమానం వచ్చింది. జనం వరసలో నిలబడ్డారు, ఫోటోలతను వచ్చేశాడు... అడిగితే ఆగిపోతుందని అడగలేదు."

కార్ఖానా మొదటి సైరను మోగింది. ఇంకో పావుగంటలో గేటు మూస్తారు, ఆలస్యమైతే ఆ రోజు కూలి పోతుంది.

కిష్టమ్మ ముందుకొచ్చింది. చంకలోని పిల్లవాణ్ణి తీసి పుణ్యవతి గారి చేతుల్లో పెట్టింది. గొడుగు కింద పడిపోయింది.

"దినాం వాణ్ణి భాగ్యక్క చూసుకుంటది. ఈ దినం నువ్వు చూసుకో. ఒంటిగంటకు గంజి తాగుతడు, సల్లారినంకనే పొయ్యాలె. చెవి నొస్తది, ఎడమ పక్కకు పండబెట్టకు. నేను ఐదున్నరకు వస్త."

భాగ్యమ్మ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, కార్ఖానా వైపు పరుగెత్తింది. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు పిల్లలను గదిలోకి దింపి వెళ్లారు. పట్టు చీరను పిల్లవాడు తడిపేశాడు. పుణ్యవతి గారు వాణ్ణి ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియక నిలబడింది.

"భాగ్యమ్మా, పదింటికి నాకు కమిటీ మీటింగు ఉంది. డ్రైవరు వెయిట్ చేస్తున్నాడు."

"పొమ్మని చెప్పుండ్రి" అంది భాగ్యమ్మ. ఆమె కోపం ఇంకా తగ్గలేదు, దాచుకోనూ లేదు. "ఆ బస్తా ఇప్పి బియ్యం చేటల పొయ్యుండ్రి. రాళ్లుంటయి, ఏరాలె. పదకొండున్నరకు ఎసరు పెట్టాలె, ఇరవై ముగ్గురున్నరు."