మిరపకాయ ఎరుగని కోట

నేను ఒక పోపుల పెట్టెను. ఆ రోజు నా మూత తెరిచే ఉంది, గొడవ నా మీదుగానే నడుస్తోంది. చారు పోపులో ఎండుమిరపకాయ తుంచి వెయ్యాలా, తుంచకుండా వెయ్యాలా అని. తుంచితేనే ఘాటు దిగుతుందని అత్తగారు సూరమ్మగారు. గింజలు మాడి చేదెక్కుతుందని కోడలు హైమ. ఇరవై ఏళ్లుగా ఒకే పొయ్యి దగ్గర నిలబడుతున్నా ఈ ఒక్క సంగతీ ఇద్దరూ తేల్చుకోలేదు.

"మా అమ్మమ్మా తుంచే వేసింది, వాళ్లమ్మమ్మా తుంచే వేసింది. రాజుల కాలం నుంచీ అంతే" అన్నారు సూరమ్మగారు.

హైమ చేతిలో మిరపకాయ ఆగిపోయింది. నూనె పొగలు కక్కింది.

"రాజుల కాలంలో మిరపకాయ ఎక్కడిది అత్తయ్యా?" అంది. అడిగింది అత్తగారినే గాని, చూపు మాత్రం హాల్లో రాసుకుంటున్న భర్త మీదకు పోయింది.

ఆ చూపు ఎందుకు అటు పోయిందో తెలియాలంటే ముందు నా కథ కొంత వినాలి.

నేను పుట్టింది బొబ్బిలిలో. వీణ కోసం కోసిన పనస దుంగలో, వీణ కాగా మిగిలిన ముక్కను. చేసినతను నాలో ఏడు గదులు తొలిచాడు, అన్నిటికన్నా పెద్దది మిరపకాయలకు ఇచ్చాడు. నూనెలో ఆవాలు చిటపటమన్నప్పుడల్లా, నా తోడబుట్టిన వీణ ఎక్కడో పలుకుతున్నట్టు నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కొత్త కాపురానికి వెళుతూ సూరమ్మగారు నన్ను వెంట తెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్లకు ఆమెతోపాటే హైదరాబాదు వచ్చి హైమ చేతిలో పడ్డాను.

సూరమ్మగారి కొడుకు శశిభూషణ్ సినిమాలకు రాస్తాడు. పన్నెండేళ్లుగా రాస్తున్నా తెర మీద పేరు మాత్రం వేరేవాళ్లది. ఇన్నాళ్లకు ఒక పెద్ద సినిమా అతని పేరుతో రాబోతోంది. ఏడు వందల ఏళ్ల కిందటి కోట ముట్టడి కథ. ఈ మాట సూరమ్మగారు వీధిలో చెప్పని గడప లేదు.

ఒకనాడు దర్శకుడు భోజనానికి వచ్చి, నన్ను చూసి ముచ్చటపడి, సినిమా కోసం వేసిన కోటలోని వంటింట్లో పెట్టడానికి పట్టుకెళ్లాడు. మనుషులు పాత వస్తువును ఎప్పటిదని అడగరు, పాతగా కనబడితే చాలు వాళ్లకు.

అక్కడ గడిపిన రోజులు నాకు కలలా గుర్తు. తడితే డొల్లగా మోగే రాతి స్తంభాలు. పొగ పుట్టించే యంత్రం, ఆ పొగలో తేలుతున్నట్టు నడిచే రాణులు. రిహార్సల్లో ముసలి వంటమనిషి వేషం వేసినావిడ నా పెద్ద గదిలోంచి గుప్పెడు ఎర్రటి పొడి తీసి శత్రువుల కళ్లలో కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నటుల కళ్లు మండకూడదని అందులో పోసింది రంగు కలిపిన బియ్యప్పిండి. ఆ కాలానికి ఇంకా రాని కారం, ఆ గుప్పిట్లోనూ లేదు. నాకు ఎండుమిరపకాయల మీద బెంగ కలిగింది. అసలు షూటింగు వచ్చే నెలలోనని నన్ను ఇంటికి పంపేశారు.

ఇదిగో, అప్పుడే ఈ గొడవ.

హైమ డిగ్రీలో చరిత్ర చదువుకుంది. మిరపకాయ మన దేశానికి ఓడల్లో వచ్చి అయిదు వందల ఏళ్లేనని శశికి చెప్పింది. అతను మొదట నవ్వేశాడు, సినిమా హాల్లో ఈలలు వేసేవాళ్లు లెక్కలు చూస్తారా అన్నాడు.

"కాలం సంగతి వదిలెయ్యండి. కారం చల్లడానికి ఎవరైనా చాలు కదా. ఆ వంటమనిషి వాసన చూసి ఉప్పు చాలలేదని చెప్పగలదని ముందు అన్ని సీన్లు ఎందుకు రాశారు?" అంది హైమ.

అతను నవ్వు ఆపాడు. ఆమె మాడిన నూనె పారబోసి, నేతిలో ఆవాలు, జీలకర్ర, దంచిన మిరియాలు వేసింది. ఇంగువ పడగానే ఇల్లంతా వాసన కమ్మింది.

"ఇది వీధి చివరిదాకా పోతుంది" అంది. "కోటలో తిండి ఎప్పుడు అయిపోతుందా అని బయట కాచుకున్నవాళ్లకు ఇది రోజూ తగిలితే ఏమనుకుంటారు?"

మూడు రోజులు శశి బల్ల ముందు నుంచి లేవలేదు. నాలుగో రోజు కొత్త సీను తల్లికి చదివి వినిపించాడు. కోటలో గింజ లేదు. వంటమనిషి మిగిలిన గుప్పెడు దినుసులతోనే, చిటికెడు చిటికెడుగా రోజూ రెండు పూటలా గోడ పక్కన పోపు పెడుతుంది. లోపల పిల్లలు అన్నం వస్తుందని ఆకులు వేసుకుని కూర్చుంటారు. బయట సైన్యం ఇంకా ఎన్నాళ్లని విసుగెత్తిపోతుంది.

కారం సీను విన్ననాడు సూరమ్మగారు చప్పట్లు కొట్టారు. ఈసారి కొట్టలేదు. "మిరియాలు అయిపోయాక ఏటి చేసిందిరా?" అని అడిగారు.

శశి కాగితాలు మడిచి దర్శకుడి దగ్గరకు వెళ్లాడు.

ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అతను పప్పన్నం కలుపుతూ, "రెండు సీన్లూ ఆయనకిచ్చానమ్మా. కారం సీనే తీస్తే నా పేరు వెయ్యొద్దని చెప్పి వచ్చాను" అన్నాడు.

"ఆయనేమన్నారు?" అంది హైమ.

"ఆలోచిస్తానన్నారు."

వీధిలో గడపగడపకూ చెప్పిన మాట సూరమ్మగారికి గుర్తొచ్చి ఉంటుంది. పన్నెండేళ్లు ఎదురుచూసిన మనిషి. కోడలు మజ్జిగ పోయబోతే వద్దని, చారు వేయించుకుని, అందులోంచి తుంచని మిరపకాయను తీసి కంచం అంచున పెట్టారు.

"అమ్మాయ్" అన్నారు. "ఆ సినిమా సంగతి తేలేదాకా మనింట్లో మిరపకాయ వద్దు. రేపటి నుంచి మిరియాలతోనే పోపు పెట్టు."