ఒక్క గీత పడలేదు

సరిహద్దు ఊరు కొంటాలో హైవే పక్కన వెంకటనారాయణకు డెంటింగ్ షెడ్డు ఉంది. చుట్టుపక్కల ఏ బండి దేన్ని గుద్దినా జనం ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. ఆయన వచ్చి, చెక్క సుత్తి పిడితో బండిని ముందు నుంచి వెనక దాకా తడుతూ చెవి పెట్టి వింటాడు. మోత గట్టిగా ఉంటే "పోండి" అంటాడు. బోలుగా ఉంటే "ఆపుండ్రి" అంటాడు. ఇరవై ఏళ్లలో ఆయన పొమ్మన్న బండి ఒక్కటీ దారిలో ఆగలేదు. ఆ మాట ఎవరూ అడగకపోయినా ఆయనే చెప్తాడు.

కొత్త కార్లంటే మాత్రం ఆయనకు ఒళ్లు మంట. వాటిని అప్పడాలు అంటాడు. మరమ్మతుకు వచ్చిన కారు ముక్కు విప్పితే, లోపలి ఇనప కమ్మీల మీద అక్కడక్కడా గాడులు, చిల్లులు కనిపిస్తాయి. "చూడుండ్రి, ఇనుము మిగుల్చుకున్నడు దొంగోడు!" అని తయారుచేసినవాణ్ణి నాలుగు తిట్టి, ఆ గాడుల మీద రేకు ముక్కలు పెట్టి వెల్డింగ్ కొట్టేవాడు. అడగకుండానే చేసేవాడు, అదంతా పుణ్యం అనుకునేవాడు.

ఆయన తలచుకుని మురిసిపోయే పని ఇంకోటి ఉంది. మేనల్లుడు సతీష్ జీపు ముక్కుకి అడ్డంగా కట్టిన గార్డు. బరువైన పైపులు వంచి, నేరుగా బండి అడుగు చట్రానికే, ఛాసీకే, అతికించాడు. సతీష్ ఆ జీపులో కొంటా నుంచి దోర్నపాల్‌కి మనుషుల్ని తిప్పుతాడు, జగర్గుండా సంత రోజైతే అక్కడి దాకా పోతాడు. "ఏనుగొచ్చి గుద్దినా ఏనుగే ఏడ్వాలె" అని మామ అంటే అల్లుడు పొంగిపోయేవాడు.

ఆ గార్డుతో పని పడే రోజు రానే వచ్చింది. దోర్నపాల్ సంతకని పొద్దున్నే పదకొండు మందితో బయల్దేరిన జీపుకి, ఊరు దాటగానే ఒక దూడ అడ్డం వచ్చింది. అదే దూడని తప్పించబోయి ఎదురుగా వస్తున్న కారు పక్కకి తిరిగింది. ఇద్దరూ బ్రేకులు తొక్కారు, ఇద్దరికీ దూరం చాల్లేదు. పెద్ద వేగం లేదు గానీ ఎదురెదురుగానే తగిలాయి. దూడ మాత్రం ఏమీ ఎరగనట్టు పొలంలోకి పోయింది.

వెంకటనారాయణ సుత్తి పట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చేసరికి అక్కడ తిరునాళ్లలా ఉంది. కారు ముక్కు పూర్తిగా మడతపడి, బోనెట్ పైకి లేచి ఉంది. పక్కన, అది నడిపిన బడి మాస్టారు తేజ, ఆయన తల్లి నిలబడి ఉన్నారు. జీపు మాత్రం ఎప్పట్లాగే ఉంది. గార్డు మీద కాస్త రంగు లేచింది, అదీ కారుదే.

వెంకటనారాయణకు నవ్వాగలేదు. "ఏంది మాస్టారూ, బండి కొన్నరా, అప్పడాల పాకెట్ కొన్నరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన జీపుని తట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. వెనక పక్క బెంచీ మీద ఆయన అక్క సోమక్క, చింతపండు గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సతీష్ తల్లి ఆమె.

"ఏమైంది తమ్మీ?" అంది.

"ఏం కాలే అక్కా. ఒక్క గీత పడలే. పోండి!" అని జీపుని అరచేత్తో చరిచాడు. జీపు గంట దూరంలో ఉన్న దోర్నపాల్‌కి సాగిపోయింది.

మధ్యాహ్నం సతీష్ ఫోన్ చేశాడు. "మామా, అమ్మ సంతల గంప దించబోయి పడిపోయింది. దవాఖానకు తెచ్చిన. మెడ కింద బొక్క ఇరిగిందంటున్నరు. ఇంకో ఇద్దరికి కూడా దెబ్బలున్నయ్, ఇప్పుడు చెప్తున్నరు."

వెంకటనారాయణ సుత్తి ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోకుండా దోర్నపాల్ పోయాడు. సోమక్క భుజానికి కట్టుతో, మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"దెబ్బ తగిలినప్పుడే చెప్పొద్దా అక్కా? ఇంత దూరం ఆ గుంతల్ల ఎట్లొచ్చినవ్?" కోపంగానే అడిగాడు.

సోమక్క తమ్ముడి వంక చూసింది. "అప్పుడే కలుక్కుమంది. కానీ నువ్వు ఏం కాలే, పోండి అన్నవ్ గదా తమ్మీ. నీకు తెల్వదా అనుకున్న."

ఆమె ఎత్తిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. వెంకటనారాయణ తల దించుకున్నాడు. బండిని జానెడు జానెడు తట్టి చూశాడు. ఒళ్లో గంపతో, ఒక భుజం కిందికి జారి కూర్చున్న అక్కని, చేతికందే దూరంలో ఉన్న మనిషిని, చూడలేదు. సిగ్గుతో ఆయనకి చెవులు వేడెక్కాయి.

మర్నాడు తేజ మాస్టారు కారు షెడ్డుకి వచ్చింది. మాస్టారు కూడా వచ్చాడు. వెంకటనారాయణ ఈసారి అప్పడాల ఊసెత్తలేదు.

"మీ అమ్మకెట్లుంది?" అనడిగాడు.

"బాగానే ఉందండీ. సీటు బెల్టు రాసుకుని కాస్త మంట అంది, ఉడుకునీళ్ల కాపడం పెట్టాం. మీ అక్కగారికి?"

వెంకటనారాయణ కారు ముక్కు విప్పడం మొదలుపెట్టాడు. లోపలి కమ్మీలు గాడి ఉన్న చోటల్లా మడతపడ్డాయి. ఒక మడత, దాని వెనక ఇంకో మడత, పిల్లలు మడిచిన కాగితంలాగా. ఆ మడతలు వరసగా వచ్చి, మనుషులు కూర్చునే చోటికి ముందే ఆగిపోయాయి. ఆయన డ్రైవరు పక్క తలుపు తీసి వేశాడు. మళ్లీ తీసి వేశాడు. కొత్తదానిలా పడింది. అద్దం కూడా దిగింది.

ఆయన ఒక పాత టైరు మీద కూర్చుండిపోయాడు. కారు దెబ్బని తనే తిని, తల్లీకొడుకుల్ని దక్కించింది. గార్డు మాత్రం దెబ్బని ఏమాత్రం మింగకుండా ఛాసీకి, ఛాసీ నుంచి బెంచీకి, బెంచీ నుంచి అక్క ఒంట్లోకి పంపింది. ఇనుము మిగుల్చుకోవడానికి కాదు, నలగాలనే పెట్టాడు ఆ గాడులు తయారుచేసినవాడు. ఆ గాడుల్నే తను ఇరవై ఏళ్లుగా మూస్తున్నాడు. ఎన్ని కార్లకి మూశాడో లెక్క తెలియదు.

ఆ వారంలోనే గార్డు పేరు సుక్మా టౌను దాకా పాకింది. ఒక ఉదయం షెడ్డు ముందు రెండు జీపులు ఆగాయి. ఒకటి వీరేందర్‌ది, ఇంకోటి లక్మాది. సతీష్ కూడా జీపు తెచ్చి పక్కన పెట్టాడు.

"అరే చాచా, జబర్దస్త్ గార్డ్ హై!" అన్నాడు వీరేందర్ సతీష్ జీపు చుట్టూ తిరుగుతూ. "కారు మొత్తం చూర చూర అయిపాయె, దీనికి ఏం కాలే. నా గాడీకి కూడా గట్లనే లగా దో."

"పెట్టను," అన్నాడు వెంకటనారాయణ. "సతీష్‌ది కూడా కోసేస్తున్న."

సతీష్ ఉలిక్కిపడ్డాడు. "ఏంది మామా? నువ్వే గదా పెట్టినవ్! అది లేకుంటే మళ్లా తగిలిననాడు నా బండి నలుగుతది."

"నలుగుతది. నలగనీ. నా దగ్గరికి తే, కొట్టి సాపు చేస్తా. మీ అమ్మ బొక్కను నేను సాపు చెయ్యగల్గుతనా?"

సతీష్ గార్డుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నాది తప్పు," అన్నాడు వెంకటనారాయణ, అందరికీ వినబడేటట్టు. ఆయన నోట ఆ మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. "గట్టి బండి అంటే నలగని బండి అనుకున్న. నేను గాడులు మూసిన కార్లు ఎవరివైనా ఉంటే తీసుకురమ్మని చెప్పుండ్రి. ఆ రేకులు పీకేస్తా. ఇరిగిన కమ్మీ అయితే అతుకు పెట్టను, కొత్తది తెప్పించమంట."

వీరేందర్ నవ్వి, చాచాకి వయసైపోయిందని హిందీలో గొణిగి, దోర్నపాల్‌లో ఇంకో వెల్డింగ్ షాపుందని జీపు తిప్పుకుని పోయాడు. సతీష్ కాసేపు గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత తాళం చెవి తీసి మామ చేతిలో పెట్టి, అవతలికి పోయి కూర్చున్నాడు. కోసేటప్పుడు చూడలేడని వెంకటనారాయణకు తెలుసు.

లక్మా పోలేదు. దొర్ల తెగ మనిషి, మాట తక్కువ. తన జీపు వంక, సతీష్ జీపు వంక చూసి, తెలుగులో మెల్లగా అన్నాడు.

"మరి నా బండిల ఎనక కూసునేటోళ్లకు ఏమన్నా చేస్తవా?"

ఇరవై ఏళ్లలో ఆ షెడ్డుకి వచ్చి ఎవరూ అడగని మాట అది. ఎన్నో జీపుల వెనక బెంచీలు వెంకటనారాయణే బిగించాడు గానీ, వాటి మీద కూర్చుని ఎరగడు. ఎక్కడికి పోయినా ముందు సీటే ఆయనది.

ఆయన సతీష్ జీపు వెనక మెట్టెక్కి, వంగి లోపలికి పోయి, సోమక్క కూర్చున్న మూలన కూర్చున్నాడు. దెబ్బ తగిలినప్పుడు ఒళ్లు ఎటు పోతుందో చూద్దామని బండి ముక్కు వైపుకి ఒరిగాడు. మెడ కింద బొక్క సరిగ్గా ఒక ఇనప పైపు అంచుకి ఆనింది. కప్పు గట్టిగా ఉండాలని పోయినేడు తనే నిలబెట్టి వెల్డింగ్ చేసిన పైపు. అంచుని ఆకురాయితో రుద్దను కూడా లేదు.

ఆయన ఆ అంచుని చేత్తో తడిమి, కొయ్యాల్సిన చోట సుద్దముక్కతో గీత గీసి, పక్క పైపు వైపు జరిగాడు. లక్మా బయట ఎండలో నిలబడి, తొందరపెట్టకుండా చూశాడు.