తవుడు కుండలో ముద్ర

ఇవావో ఫోన్‌లో ఆ ఆట పెట్టింది అతని భార్య ఫుసాయే. ఇంకెవరినీ తప్పు పట్టడానికి లేదు. ఉచితమైనా సరే, ఏ జూదమూ ఆడనివ్వొద్దని అతని జూదం పిచ్చికి వైద్యం చేసే డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన తనకంటే ఆ కుర్ర డాక్టరుకి ఎక్కువ తెలుసా అనుకుందామె.

అంతకుముందు ఇవావో ఫోన్‌లో అసలు డబ్బుతోనే ఆడేవాడు. కోకురా సందులో ఇరవయ్యేళ్ళు నడిపిన తోఫూ కొట్టు, సోయాపాల జున్ను అమ్మే కొట్టు, అలాగే పోయింది. ఇక మిగిలింది ఫుసాయెకి తండ్రి ఇచ్చిన ఇల్లు. కాగితం మీద సంతకానికి బదులు కొట్టే ఆమె పేరు ముద్ర పడిందంటే ఆ ఇల్లూ చేయిజారినట్టే. అందుకే ఆ ముద్రను శుభ్రంగా తుడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ముల్లంగీ దోసకాయా ఊరవేసే తవుడు కుండ అడుగున పాతిపెట్టింది. రోజూ చేత్తో కలపాల్సిన ఆ తవుడు వాసనంటే ఇవావో ఆమడ దూరం పారిపోతాడు.

అసలు డబ్బు ఆట మాన్పించాలని ఆమె పెట్టిన కొత్త ఆటలో అన్నీ ఉత్తుత్తి నాణేలు. అయిపోతే మర్నాడు మళ్ళీ ఇస్తారు. మూడు చక్రాలు గిర్రున తిరిగి, చెర్రీపళ్ళు వరసగా పడితే గంటలు మోగుతాయి. అడుగున ‘అసలు డబ్బుల బల్ల దగ్గరికి రండి’ అని ఒక రంగుల పట్టీ మెరుస్తూ ఉంటుంది. ఫుసాయె దాన్ని పట్టించుకోలేదు.

“ఎనిమిది కోట్లు గెలిచానే. ఇవే నిజం డబ్బులైతేనా...” అనేవాడు ఇవావో.

“నిజం డబ్బులైతే నిన్ను అన్నిసార్లు గెలవనిస్తారా, పిచ్చి మొహమా? ఆ కోట్లు పెట్టి ఒక కట్ట ఉల్లికాడలు పట్రా, చూద్దాం.”

అతను నవ్వేవాడు. ఓడినా నవ్వేవాడు. టీ వేడిగా ఉండగానే తాగేవాడు. ఆ మూడు నెలలూ ఫుసాయె కంటినిండా నిద్రపోయింది.

వానలు మొదలైన ఒక మధ్యాహ్నం ఆమె టీ ఇచ్చి వెళ్ళి, బట్టలు మడతపెట్టి వచ్చేసరికి కప్పు నిండుగా అలాగే ఉంది. ఫోన్‌లో అవే చక్రాలు, అవే చెర్రీలు. ఇవావో బొటనవేలు మాత్రం వణుకుతోంది.

“ఏమయ్యా, ఏం ఆట అది?”

“అదేనే. నువ్వు పెట్టిందే.” తలెత్తలేదు.

“మరి చెయ్యెందుకు వణుకుతోంది?”

“వయసు మీద పడట్లేదూ?”

ఉత్తుత్తి నాణేలు పోతే ఎవరి చెయ్యీ వణకదు. ఆ సంగతి ఆమెకి ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. వంటగదిలోకి పరుగెత్తి తవుడు కుండలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. సంచి తగిలింది. హమ్మయ్య అనుకుంటూ విప్పి చూస్తే ముద్ర కొసన ఇంకా తడి ఆరని ఎర్ర సిరా ఉంది. ఇల్లంతా ఎన్నిసార్లు గాలించాడో. ఇంటి కాగితాల మీద ముద్ర కొట్టుకుని, జాగ్రత్తగా చుట్టి, మళ్ళీ అక్కడే పెట్టి, పైన తవుడు కూడా చదును చేశాడు.

ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి అతని పక్కన కూలబడింది. ఇంటి మీద తెచ్చిన అప్పంతా ఆ చక్రాల్లోనే తిరుగుతోందని ఆమెకు అర్థమైంది. చెర్రీలు రెండు పడి, మూడోది తప్పింది. ఈయన గెలవాలని ఇన్నేళ్ళలో మొదటిసారి ఫుసాయె ప్రాణం కొట్టుకులాడింది.

“ఇంకోసారి నొక్కు,” అంది.