సముద్రం మీద అన్న మాట

నడి సముద్రం ఎవరి సొత్తూ కాదు కాబట్టి అక్కడ జరిగినదానికి మన కోర్టు శిక్ష వెయ్యకూడదని మా వకీలు రఘుపతి వాదించాడు. ఆ వాదాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ నాలుగు మెతుకులు తిన్నాను. కోర్టు దాన్ని ఒక్క పూటలో కొట్టేసింది.

"సముద్రం మీద దోపిడీ అంటే దునియా మొత్తానికి చేసిన నేరం ఊర్మిళక్కా. దానికి శిక్ష పెట్టే అధికారం పార్లమెంటుకు ఉందని రాజ్యాంగంలనే రాసుంది. చట్టం గూడ చేసిండ్రు," అన్నాడు రఘుపతి బయటికొచ్చి. మనిషి ప్రాణం పోయింది కాబట్టి ఉరి కూడా పడొచ్చట.

మా ఆయన ఉమాకాంత్ దొంగ కాదు. సాంచాల, అదే మరమగ్గాల, మోతకు చెవులు పోతున్నాయని నేత కార్ఖానా మానేసి, సరుకు పడవలో వంటవాడిగా వెళ్లాడు. ఆ పడవను సోమాలియా దగ్గర దొంగలు పట్టుకున్నారు. దాంతోనే ఒక పెద్ద ఓడ మీద పడి, ఒక నావికుణ్ణి చంపారు. మన నేవీ వచ్చి పడవలో ఉన్నవాళ్లందరినీ పట్టుకుంది, ఈయనతో సహా. బలవంతాన ఉన్నాడని తేలితే ఇంటికొస్తాడు. దొంగలకు సాయం చేశాడని తేలితే అంతే సంగతులు.

ఓడ పైనుంచి ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఒకటుందని రఘుపతి చెప్పాడు. అందులో గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. ఉమాకాంత్ పడవ మీద నిలబడి రెండు చేతులూ ఊపుతూ ఏదో అంటుంటాడు. పొమ్మంటున్నాడని మేము, రమ్మంటున్నాడని సర్కారు. ఆ మాట విన్న ఒక్క మనిషీ, ఆ నావికుడే, చచ్చిపోయాడు.

అప్పుడు నేనే అన్నాను. "సాంచాల కాడ మాట ఇనవడది సాబ్. మేం పెదవులు జూసే మాట్లాడుకుంటం. నాకు జూపియ్యిండ్రి, ఏమన్నడో చెప్త." రఘుపతి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. ఎంత మంచి ఉపాయం చెప్పానని నేనూ మురిసిపోయాను.

వీడియో చేతికొచ్చిందని ఇవాళ సూరత్ ఆల్థాన్‌లో ఉన్న తన ఆఫీసుకు పిలిచాడు. ఉమాకాంత్ తండ్రి, మా మామ బుచ్చిరాములు నా వెంట వచ్చాడు. ఆయన బతుకంతా సాంచాల మధ్యే గడిచింది.

రఘుపతి తెర మా వైపు తిప్పాడు. ఉమాకాంత్ చిక్కిపోయాడు. పెదాలు మాత్రం స్పష్టంగా కనపడ్డాయి.

"అకేలా హూ భాయ్. సీడీ డాలో."

ఒక్కణ్ణే ఉన్నా అన్నా, నిచ్చెన వెయ్యి. మళ్లీ అదే. పడవలో టార్పాలిన్ కింద దొంగలు నక్కి ఉన్నారని తెలిసే అంటున్నాడు. వీపుకు తుపాకీ ఆనించి ఉంటారు, ఉండే ఉంటారు. కానీ అది వీడియోలో లేదు. నాకు ఉమాకాంత్ మీద ఒళ్లు మండింది. జాలిపడి నిచ్చెన దించి చచ్చిపోయిన ఆ పిల్లగాడి మీద ఇంకా మండింది. ఎందుకు నమ్మావురా నాయనా అని గట్టిగా అరవాలనిపించింది.

మామ వైపు చూశాను. ఆయన చప్పుడు లేకుండా పెదాలు కదిపాడు. "చెప్పకు బిడ్డా."

"భాగ్ జావ్ అంటుండు సాబ్," అన్నాను. "దగ్గరికి రాకుండ్రి, పారిపోండ్రి అంటుండు."

"నాకూ గదే కనవడ్డది," అన్నాడు మామ.

రఘుపతి బల్ల చరిచాడు. "బస్, ఇగ బయటపడ్డట్టే! మీరు ఇంటోళ్లు, మీ మాట కోర్టుల నిలవడది. అందుకే ముందుగాలనే అర్జీ వెట్టిన. మనకు సంబంధం లేని సాంచాలోళ్లను నలుగురిని పిలిపించి జడ్జి ముంగట చదివియ్యాలని. సర్కారు వకీలు గూడ సరే అన్నడు."

నేను గబుక్కున బల్ల మీదికి వంగాను. "అద్దు సాబ్. అర్జీ వాపస్ తీస్కోండ్రి."

"ఏందక్కా, మనకు మంచిదే గదా?"

"పరాయోళ్లు తప్పు చదువుతరేమో."

"నలుగురికి నలుగురూ తప్పు చదువుతరా?" అని నవ్వబోయి ఆగిపోయాడు. నన్ను చూశాడు, మామను చూశాడు. తెరను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

"నేను వాపస్ తీస్కున్నా ఇప్పుడు ఆగది," అన్నాడు. "సర్కారోళ్లే పిలుస్తరు. అక్కా, నిజంగ ఏమన్నడు?"

సూరత్‌లో ఏ గల్లీకి వెళ్లినా సాంచాలోళ్లే. ఎవర్ని పిలిచినా ఒకటే చదువుతారు. ఆ దారి చూపించింది నేనే. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను గానీ గొంతు రాలేదు. పెదాలు ఆ నిచ్చెన మాటే పలికాయో ఏమో, మామ గబాలున తన చేత్తో నా నోరు మూసి భోరుమన్నాడు.