సగం అల్లిన చాప

ఆ ఉదయం మా ఆయన సైమోనే నల్లచొక్కా కాలరు విప్పుతూ కూర్చున్నాను. మెడ రాసుకునే చోట అరిగి లోపలి నూలు బయటపడింది. విప్పి తిరగేసి కుడితే లోపలివైపు పైకొచ్చి కొత్తదిలా కనిపిస్తుంది. ఈ చొక్కాకు మోచేతుల దగ్గర ఇదివరకే కుట్టాను, చంక కింద కుట్టాను, కాలరు వంతు ఇప్పుడొచ్చింది. మగవాళ్లు చేరి కావా వేరురసం తాగే చోట సైమోనే చెప్పుకుంటాడట, "నా చొక్కాలు భలే మన్నుతాయి, నేను బట్ట జాగ్రత్తగా వాడతాను" అని. నా వేళ్ల సంగతి అక్కడెవరూ ఎత్తరు.

మా టోంగాకు బట్టలు ఓడలో మూటలుగా వస్తాయి. ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండులోనో ఎవరో ఒక వేసవి తొడుక్కుని విసుగొచ్చి తీసేసినవి. కొన్నింటికి దుకాణం చీటీ కూడా ఊడి ఉండదు. వాటిని మేం చిరిగేదాకా తొడుగుతాం. చిరిగాక కుట్టి తొడుగుతాం. కుట్టు కూడా నిలవనప్పుడు వాటితో నేల తుడుస్తాం. ఆ మూటల్లో మంచివి ముందు పట్నంలో ఉన్న మెలేయానే వదిన ఇంటికి పోతాయి. వదిన సైమోనేకి అక్క. వాళ్ల అమ్మాయిలకు మొహం మొత్తాక అవి నా దాకా వస్తాయి. "నీ ఒంటికి ఏదైనా అమరుతుందే లేసీలీ, అదృష్టవంతురాలివి" అంటుంది వదిన, సంచీ నా చేతికిస్తూ. మే నెల మొదటి ఆదివారం పిల్లల పండగకు మాత్రం మా అమ్మాయి సేలాకు కొత్త తెల్లగౌను కుడతాను. పిల్లలంతా కొత్తబట్టల్లో చర్చిలో నిలబడి పాఠం అప్పజెప్పాలి కాబట్టి ఆ ఒక్కదానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు.

కాలరు సగం ఊడొచ్చిందో లేదో ఫోను మోగింది. మా తమ్ముడు ఫెలెటీ.

"అక్కా" అన్నాడు. వాడి వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. మంచం పట్టిన అమ్మ సంగతేనని నాకు తెలిసిపోయింది.

"రేపు పొద్దున్నే మట్టి చేస్తాం. ట్రక్కు పంపిస్తున్నా. వచ్చేయండి" అన్నాడు చివరికి.

దారం ఎక్కించిన సూది కాలరుకే గుచ్చి, చొక్కా కుర్చీ మీద వేసి లేచాను. ఏడుపు రాలేదు. ముందు చాప గుర్తొచ్చింది.

మా దగ్గర నడుముకు చాప చుట్టుకోకుండా చర్చికీ పోం, చావింటికీ పోం. చర్చికైతే చిన్నది, శుభ్రమైనది. చావుకైతే, పోయిన మనిషి ముందు ఎంత తగ్గి ఉండాలో అంత పాతది, అంత చిరిగినది. కన్నకూతురికి చాప చంకల దాకా రావాలి, అంచులు పీలికలై వేలాడాలి. శవం తల దగ్గర కూర్చునే పై వరస చుట్టాలే, మేనత్తల వైపు వాళ్లే, కొత్తవి కడతారు. దూరం నుంచి చాపను చూస్తే చాలు, ఎవరు ఏమవుతారో, ఎవరి కడుపు కాలిందో అందరికీ తెలుస్తుంది.

నాకొక చాప ఉండేది. మా అమ్మమ్మ వాళ్లమ్మ అల్లింది. మొగలాకుల తెలుపు ఎప్పుడో పోయి మరిగిన టీ రంగుకు తిరిగింది. పట్టుకుంటే పిండిసంచీ గుడ్డలా మెత్తగా ఉండేది. కొబ్బరినూనె వాసన, చందనం వాసన, ఎన్నో ఏళ్లు మూసిపెట్టిన పెట్టె వాసన కలిసి ఉండేవి దాంట్లో. దాన్ని అమ్మమ్మ తన తల్లి పోయినప్పుడు కట్టుకుంది. అమ్మ అమ్మమ్మ కోసం కట్టుకుంది. తెగిన చోటల్లా అమ్మ సన్నటి ఆకుపోగు దూర్చి మళ్లీ అల్లింది. ఆ అతుకులు కళ్లు మూసుకున్నా నా వేళ్లకు తెలిసేవి. నా పెళ్లినాడు దాన్ని మడిచి నా పెట్టెలో అడుగున పెడుతూ, "ఇది నా కోసం" అంది అమ్మ. "ఊరుకోమ్మా, శుభమా అని" అన్నాను. అమ్మ నవ్వి మూత వేసింది.

నిరుడు వదిన వాళ్ల మామగారు పోయారు. ఆ రోజు నేను సముద్రపొడ్డున ఉన్నాను. ఉడకబెట్టిన మొగలాకు కట్టల్ని ఉప్పునీళ్లలో రాళ్ల కింద నానేసి ఇంటికొచ్చేసరికి నా పెట్టె మూత తీసి ఉంది.

"అక్క వచ్చింది. అడిగింది. ఇచ్చాను" అన్నాడు సైమోనే.

"అది నాది కదా."

"అక్క అడిగితే లేదనమంటావా? నా మొహం ఎక్కడ పెట్టుకోను? చాపే కదే, ఎక్కడికి పోతుంది? తిరిగొస్తుందిలే."

మా మగవాళ్లు అక్కచెల్లెళ్ల మాట కాదనరు. అక్క ఉన్న గదిలో గట్టిగా నవ్వనైనా నవ్వరు. అది గౌరవం. ఆ గౌరవం సైమోనే నా పెట్టెలోంచి తీసి ఇస్తాడు. చాప సంగతి నేను అడిగినప్పుడల్లా వదిన ఒక్కో మాట చెప్పింది. ఎండబెడుతున్నానంది. అంచు బాగుచేయిస్తున్నానంది. ఈలోపు వాళ్ల పెద్దవాడికి పెళ్లి కుదిరింది. పెళ్లికి పెద్దచాప, సన్నపోగుది, నేనే అల్లాలంది. "నీ చేతిలో ఉన్న పనితనం పట్నంలో ఎవత్తె చేతిలో ఉందే?" అంది. వదిన నన్ను పొగిడిందంటే నాకేదో పని పడబోతోందని అర్థం. అప్పట్నుంచీ లోపలిగదిలో నేల మీద ఆ చాప పెరుగుతూనే ఉంది. వంటయ్యాక, ఉతుకులయ్యాక, పెండలం తోటలో కలుపు తీసొచ్చాక దాని ముందు కూర్చుంటాను. మా చాపల గుంపు ఆడవాళ్లు వంతులవారీగా వచ్చి సాయం పడతారు గానీ, సన్నపోగు కాబట్టి రోజంతా కూర్చున్నా నాలుగువేళ్ల మేర సాగితే గొప్ప. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తాను. "ఇంట్లో నీడపట్టున కూర్చునే పనే కదా" అంటాడు సైమోనే.

అమ్మ నీళ్లలోకి వంగి ఆకుకట్టలు తీస్తున్నట్టే ఉంది నా కళ్లకు. పోయిన నెల చూడ్డానికి వెళ్తే మంచం మీంచే నా చేతిని తడిమి, "కాయలు కాశాయే, ఎవరికి అల్లుతున్నావ్?" అని అడిగింది. వదిన కొడుక్కి అన్నాను. "నా చాప ఎండకేస్తున్నావా?" అంది. "వేస్తున్నానమ్మా" అన్నాను. ఇంకేమంటాను?

కబురు పట్నానికి మాకన్నా ముందే చేరినట్టుంది. టీనీళ్లు కాగకముందే వదిన వ్యాను గుమ్మం ముందు ఆగింది. నల్లగౌనులో దిగి, నన్ను పొదువుకుని, నా చెంపకు ముక్కు ఆనించి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. అమ్మంటే ఆమెకు ఇష్టమే. కళ్లు తుడుచుకుని, వ్యానులోంచి ఒక చాపచుట్ట దింపించి నా ముందు విప్పింది. తెల్లగా పెళపెళలాడుతోంది. అంచున ఎర్ర ఉన్నిపువ్వులు.

"ఇది కట్టుకోవే."

"నా చాప ఏది వదినా?"

"పాతది దొరకలేదే. ఇదే ఉంది."

"దొరకలేదా, లేదా?"

వదిన కిటికీ వైపు చూసింది. "చూడు లేసీలీ, మా మామగారి చావుకు ఆయన పై వరసవాళ్లు హాపై దీవుల్నుంచి వచ్చారు. కొత్తచాపలు కానుకగా పెడితే చేత్తో కూడా ముట్టుకోరు వాళ్లు. పాతది ఒకటి పెట్టాల్సొచ్చింది. దాన్ని విప్పగానే వాళ్ల ముసలాయన లేచి నిలబడ్డాడు తెలుసా? ఎంత పేరొచ్చిందనుకున్నావ్!"

"ఎవరికి?"

"ఎవరికేమిటే? సైమోనే ఇంటి చాప అని అందరూ చెప్పుకున్నారు."

చాప ఓడెక్కి వెళ్లిపోయింది. అక్కడి నుంచి ఇంకెవరి చావుకో, ఇంకెవరి పెళ్లికో పోయి ఉంటుంది. అది అల్లిన మనిషి పేరు మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు. అమ్మ పోయింది.

సైమోనే అక్క ముందుకు రాలేక అరుగు మీదే నిలబడ్డాడు. అక్కణ్నుంచే అన్నాడు, "ఏదో ఒకటి కట్టుకోవే. ట్రక్కు వచ్చేస్తుంది. చాప చాపే."

ఇంతలో పక్కింటి లోసే అత్త కంచె దాటి వచ్చింది. మా గుంపులో అందరికన్నా పెద్దది. భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు, నల్లబట్టలు విప్పలేదు. నన్ను చూసింది, నేల మీద ఎర్రపువ్వుల చాపను చూసింది.

"ఇది కట్టుకుని పోతే దీన్ని తీసుకెళ్లి శవం తల దగ్గర కూర్చోబెట్టి, పై వరసవాళ్లకిచ్చినట్టు చేతిలో పంది తొడ పెడతారు" అంది. "తల్లి పోయి వచ్చిందో, విందుకొచ్చిందో వాళ్లకెట్లా తెలుస్తుంది మెలేయానే?"

"నువ్వూరుకో అత్తా. అసలే అది బాధలో ఉంది."

"బాధలో ఉందనేగా చెప్తున్నా." అత్త నా వైపు తిరిగింది. "నాది ఇస్తానే. మీ మామ కోసం కట్టుకున్నది. బాగా చిరిగింది."

"వద్దత్తా. అది మామది."

"అదీ నిజమేలే. వాడి పొగాకు కంపు ఇంకా పోలేదు దానికి" అంది. నవ్వబోయి, వట్టి చేత్తోనే మూతి తుడుచుకుంది.

నల్లగౌను కోసం లోపలిగదిలోకి వెళ్లాను. అది కూడా వదిన వాళ్ల అమ్మాయిదే. భుజాల దగ్గర వదులు, నడుం దగ్గర బిగువు. తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, చేయడానికి ఇంకేం లేక నిలబడ్డాను. రేపు పొద్దున నేను అమ్మ కాళ్ల దగ్గరికి ఎర్రపువ్వులతో నడిచి వెళ్తాను. ఊళ్లో వాళ్లు చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. కూతురు కొత్తచాపలో వచ్చిందని ఇంటికెళ్లి చెప్పుకుంటారు. నిండుగా బతికిన ఒక మనిషి కోసం ఆఖరిరోజున ఆమె కూతురు కొంచెమైనా తగ్గలేదని చెప్పుకుంటారు. అమ్మకు ఇక సంజాయిషీ చెప్పుకోవడానికి లేదు.

నా కాళ్ల దగ్గర పెళ్లిచాప ఉంది. దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాను. అంచుల మీద రాళ్లు పెట్టాను. దుప్పటి తీశాను. అల్లినంత మేర పాలమీగడలా ఉంది. అల్లనివైపు పోగులు విడివిడిగా, నా చేతికన్నా పొడుగ్గా, నేలమీద చిందరవందరగా పడున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని వాటిని చేతిలోకి తీసుకున్నాను. అమ్మ నాకు మొదట నేర్పింది ఇదే, పోగులు తడబడకుండా పట్టుకోవడం. పూర్తికాని చాప అంచు, చిరిగిన చాప అంచు ఒకలాగే వేలాడతాయని ఇన్నేళ్లు అల్లినా నాకెప్పుడూ తట్టలేదు.

రాళ్లు ఒక్కొక్కటే తీసి గోడవారన పెట్టాను. అల్లిక జారకుండా పోగుల్ని గుప్పెడు గుప్పెడు పట్టి ముడులు వేశాను. తొందరపడలేదు. చాపను ఎత్తి, మడిచి, చంకల కింద నుంచి చుట్టుకున్నాను. బరువుగా ఉంది. ముడి వేసిన పోగులు పాదాల మీద పడ్డాయి. కొబ్బరితాడు ఒకచేత్తో కట్టుకోవడం కుదరక గుమ్మం దాకా వచ్చి, "సేలా, ఈ తాడు పట్టుకో" అన్నాను. మా అమ్మాయి వచ్చి వెనక పట్టుకుంది.

మెలేయానే వదినకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచింది.

"అది మా వాడి పెళ్లిచాప!"

"అవును వదినా."

"పెళ్లి వచ్చే నెల!"

"తెలుసు వదినా."

"చావింట్లో కట్టుకున్న చాపను పెళ్లిలో ఎట్లా పెడతామే? మతి పోయిందా? విప్పు. సైమోనే! చూశావా నీ పెళ్లాం చేసిన పని!"

సైమోనే అరుగు మీద తల దించుకున్నాడు. అక్క మాటకు అవుననాలి. తల్లి పోయిన పెళ్లాన్ని చాప విప్పమని ఏ మగవాడూ అనడు. రెండింటి మధ్యా ఇరుక్కుని తన కాళ్లు తాను చూసుకుంటూ నిలబడ్డాడు. నాకు జాలేసింది. ఆ జాలి కూడా నాకు అలవాటైన పనే.

లోసే అత్త వచ్చి సేలా చేతిలోంచి తాడు తీసుకుంది. మోకాలు నా నడుముకు ఆనించి గట్టిగా లాగి ముడి వేసింది. వేలాడుతున్న పోగుల్లో ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మంచి ఆకు" అంది. "మీ అమ్మ నేర్పిందే కదూ ఈ పదును?"

అప్పుడు వచ్చింది ఏడుపు. నిలబడే ఏడ్చాను. ఎవరూ ఆపలేదు.

తర్వాత వదిన గొంతు తగ్గించి అడిగింది, "ఎన్నాళ్లు కట్టుకుంటావే దాన్ని?"

"అరిగేదాకా" అన్నాను. "అరిగాక సేలాది. నా కోసం కట్టుకుంటుంది."

సేలా నా మొహంలోకి చూసింది. ఊరుకోమ్మా అనలేదు. చాప అంచు పట్టుకుని నిలబడింది.

బయట ట్రక్కు హారను మోగింది. నేను మెట్లు దిగుతుంటే పోగులు ఒక్కో మెట్టు మీద రాసుకుంటూ వెనకే వచ్చాయి. సైమోనే లోపలికి పరిగెత్తి తన నల్లచొక్కా పట్టుకుని బయటికొచ్చాడు. కాలరు ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"లేసీలీ, ఇదింకా అవలేదా? నేనేం వేసుకోను?"

"సూది దానికే గుచ్చి ఉంది. దారం కూడా ఎక్కించే ఉంది" అని చెప్పి ట్రక్కు ఎక్కాను.